నాన్నగారికి, సాల్ట్ లేక్ సిటీ నుంచి

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. దగ్గు పూర్తిగా తగ్గింది. అమ్మకు ముందు ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక్కడి గుడి చూడటానికి వెళ్లానంటే మోర్మన్లు, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖవాళ్లు, నన్ను తమ మతంలో కలిపేసుకుంటారని బెంగపడిందట. వాళ్ల పెద్ద గుడి లోపలికి బయటివాళ్లను రానివ్వనే రానివ్వరు! నేను వెళ్లింది పక్కనున్న సభామందిరానికి. ఇక అత్తయ్య అడిగిన, వాళ్లలో ఒక్కో మగవాడు ఎక్కువ పెళ్లిళ్లు చేసుకునే సంగతి: ఆ ఆచారం మానుకుంటున్నామని 1890లోనే ప్రకటించారు.

ఆ మందిరం మీరు చూడాలి నాన్నా. కప్పు వెడల్పు 150 అడుగులు, మధ్యలో దాన్ని మోసే స్తంభం ఒక్కటీ లేదు. వంతెనలు కట్టిన హెన్రీ గ్రో అనే ఆయన చెక్కలను జల్లెడలా అల్లి, చెక్క మేకులతో బిగించాడు. చీలిన చోటల్లా పచ్చితోలు చుట్టారట, ఆరేకొద్దీ బిగుసుకుంటుందని. 1867 నాటి పని, అప్పటికి ఈ ఊరికి రైలు కూడా లేదు. అప్పటి బల్లలు మాత్రం పైన్ కర్రవి, ఓక్ చారలు కనబడేలా రంగు వేశారట. నాసి కర్రకు టేకు రంగు పూసేవాళ్లను మీరు తిట్టే తిట్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

పెద్ద గుడికి నమూనా గీసిన ట్రూమన్ ఏంజెల్ మన పనివాడే. 1810లో రోడ్ ఐలండ్‌లో పుట్టి, వడ్రంగం నేర్చుకున్నాడు. కర్ట్‌లాండ్‌లో ఒక గుడికి, నావూలో ఇంకో గుడికి పనిచేశాడు. రెండు ఊళ్లనూ వదిలి రావలసి వచ్చింది. 1847లో మొదటి జట్టుతోనే ఈ లోయకు చేరాడు. ఇక్కడి గుడికి 1853లో శంకుస్థాపన చేశారు. రాయి ఇరవై మైళ్ల అవతలి కొండల నుంచి ఎద్దుబండ్ల మీద రావాలి, గోడలేమో అడుగున తొమ్మిది అడుగుల మందం. పూర్తయ్యేసరికి 1893. ఆయన 1887లోనే పోయాడు.

అయితే 1861లో ఒంట్లో బాగాలేక ఆయన పని వదిలేశాడు. వేరొకరు చూసుకున్నారు. 1867లో తిరిగి వచ్చి మళ్లీ అందుకున్నాడు. గుడి ఎక్కడికీ పోలేదు కదా!

రామాలయం తలుపులు ఒప్పుకున్నారని తమ్ముడు చెప్పాడు. వాడిని కోప్పడకండి, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. మీరు డబ్బు కోసం చేయడం లేదని నాకు తెలుసు. ఆ మోకాళ్లతో రోజంతా కింద కూర్చుని ఉలి పట్టడం ఎందుకన్నదే నా బాధ. దూరాన కూర్చుని చెప్పడం తేలికే అంటారు, అనండి. కొలతలు మీరు గీయండి, చిత్రిక వాడిని పట్టనివ్వండి.

దసరాకు సెలవు అడిగాను, ఇంకా ఏమీ తేల్చలేదు. ఆవకాయ ఎవరిచేతా పంపవద్దని అమ్మకు చెప్పండి, పోయినసారిదే ఉంది.

పచ్చితోలు చుట్టే పద్ధతి తాతయ్యకు తెలుసా? బండి పనుల్లో వాడేవారేమో. మీ జవాబులో తప్పకుండా రాయండి.

మీ పెద్దవాడు