నాలుక పోగుకు రెండో బార్ సంగతి ఎవరూ చెప్పరేం?

సంపాదకులకు,

ముక్కు కుట్టించుకున్నా, చెవులు కుట్టించుకున్నా మొదట పెట్టిన పోగుతోనే నెలలు గడిచిపోతాయి. నాలుక అలా కాదు. కుట్టిన రోజు పెట్టే బార్ (రెండు కొసలా గుండ్లున్న లోహపు కడ్డీ) వేరు, నెల తిరిగేసరికి నోట్లో ఉండాల్సిన బార్ వేరు. మన నగరాల్లో నాలుక కుట్టే టాటూ స్టూడియోలకు కొదవ లేదు గానీ, ఈ రెండో బార్ గురించి ముందే చెప్పి పంపేవాళ్లు తక్కువ. పగిలిన దవడ పళ్లకు, జారిన చిగుళ్లకు ఎక్కువగా మూలం అక్కడే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నోటి లోపల ఏ పోగూ వద్దంటుంది. ఆ మాటతో మాకు పేచీ లేదు. కానీ వద్దంటే ఆగేవాళ్లు కొద్దిమందే. ఆగనివాళ్లకు కొలతలైనా తెలియాలి. వీరభద్రుడి సంబరాల్లో నాలుకకు నారసం గుచ్చుకుంటారు కదా, వాళ్లకేమీ కావడం లేదే అని కొందరు అడుగుతుంటారు. నారసం కాసేపటికి తీసేస్తారు, గాయం పూడుకుపోతుంది. బార్ ఏళ్ల తరబడి పళ్ల మధ్య కాపురం ఉంటుంది. రెంటికీ పోలిక లేదు.

అద్దం ముందు నాలుక పైకెత్తి చూడండి. అడుగున నట్టనడుమ సన్నని పొర ఒకటి నాలుకను నోటి అడుగుకు పట్టి ఉంచుతుంది. దానికి అటూ ఇటూ నీలంగా రక్తనాళాలు కనిపిస్తాయి. సూది ఆ పొరకు ముందు, నాళాలకు నడుమ దిగాలి. మామూలుగా ఆ చోటు నాలుక కొసకు 2 సెంటీమీటర్లు వెనగ్గా పడుతుంది. పొర కొస దాకా పాకి ఉన్నవాళ్లకు సూదికి చోటే మిగలదు, వాళ్లు మానుకోవడం మేలు. పై గుర్తు కింది గుర్తు కంటే కాస్త వెనక్కి ఉండాలి. అప్పుడు బార్ వెనక్కి వాలుతుంది, పై గుండు అంగిలి గూడు కిందికి పోతుంది, ముందు పళ్లకు తగలదు. టార్చి వేసి నాళాలు చూడకుండా, గుర్తు పెట్టకుండా సూది తీసేవారి ముందు నోరు తెరవకండి. నాలుక కొసలో అడ్డంగా గుచ్చే ‘స్నేక్ ఐస్’ జోలికి అసలే పోవద్దు. నాలుక కుడి ఎడమ కండరాలు దేనికది కదలాలి, అడ్డబార్ రెంటినీ కట్టిపడేస్తుంది. పైగా రెండు గుండ్లూ ముందు పళ్ల మీదే ఉంటాయి.

సూది 14 గేజ్‌ది, అంటే 1.6 మిల్లీమీటర్ల బోలు సూది. ప్యాకెట్ మీ కళ్లముందే చింపాలి, పనయ్యాక సూది గుచ్చుకోని గట్టి డబ్బాలో పడాలి. చెవులు కుట్టే గన్ను నాలుక దరిదాపులకు రానివ్వకూడదు. దాని మొద్దు మొన కండను నలుపుకుంటూ పోతుంది, ప్లాస్టిక్ భాగాలేమో ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే మెషీన్) వేడికి నిలవవు. పటకారు, బార్ ఉన్న ప్యాకెట్ మీద రంగు మారిన పట్టీని చూపించి ‘అంతా స్టెరైల్’ అంటారు. ఆ పట్టీ వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. మెషీన్ 121 డిగ్రీల ఆవిరిలో నిజంగా క్రిములను చంపుతోందా అనేది స్పోర్ టెస్ట్ (మొండి క్రిములను మెషీన్‌లో పెట్టి చచ్చాయో లేదో చూసే పరీక్ష) రిపోర్టులో ఉంటుంది, అది అడగండి.

ఇక లోహం. ‘సర్జికల్ స్టీల్’ అన్న మాటకు ఒక్క అర్థమంటూ లేదు, అందులో నికెల్ కూడా ఉంటుంది. ఏఎస్‌టీఎం ఎఫ్-136 (శరీరంలో అమర్చే లోహానికి ఉన్న ప్రమాణం) టైటానియం అని బిల్లు మీద రాసివ్వగలిగితే నమ్మొచ్చు. గుండు బిగించే మర బార్ లోపల ఉండాలి. బయట మర ఉన్న బార్‌ను పచ్చి గాయంలోంచి లాగితే ఆకురాయితో గీసినట్టే.

మొదటి బార్ 19 నుంచి 22 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అంత పొడవెందుకంటే, వాపు కుట్టిన కొద్ది గంటల్లోనే మొదలై మూడో రోజుకో ఐదో రోజుకో బాగా ఎక్కువవుతుంది. అప్పుడు బార్ పొట్టిదైతే గుండు నాలుకలో కూరుకుపోతుంది, పైన కండ కప్పేస్తుంది. వారం పది రోజులకు వాపు దిగుతుంది. అప్పటిదాకా కాపాడిన పొడవే ఇక పళ్లకు శత్రువు. మాట్లాడినప్పుడల్లా, గుటక వేసినప్పుడల్లా కింది గుండు ముందు పళ్ల లోపలి చిగురును ఒత్తుతుంటుంది. ఆ వైపు మామూలుగా అద్దంలో కనిపించదు. పంటి వేరు బయటపడి చల్లనీళ్లకు జివ్వుమన్నాకే తెలుస్తుంది, జారిన చిగురేమో తిరిగి పెరగదు. దీనికి తోడు గుండును పళ్ల మధ్య పెట్టి టకటకలాడించే అలవాటు ఒకటి. దవడ పళ్ల అంచులు విరిగేది దానితోనే.

కాబట్టి రెండు నుంచి నాలుగు వారాల మధ్య, వాపు పూర్తిగా దిగాక, నాలుక మందాన్ని బట్టి 14 లేదా 16 మిల్లీమీటర్ల బార్‌కు మార్చాలి. ఇంట్లో మార్చుకోవద్దు. గాయం ఇంకా మానని దశలో బార్ తీస్తే రంధ్రం చూస్తుండగానే బిగుసుకుపోతుంది. లోపల పూర్తిగా మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఈలోగా చేయాల్సింది తక్కువే. కాచి చల్లార్చిన 250 మిల్లీలీటర్ల నీళ్లలో పావు టీస్పూను ఉప్పు కరిగించి, తిన్న ప్రతిసారీ, పడుకోబోయే ముందు అర నిమిషం పుక్కిలించాలి. అయోడిన్ లేని ఉప్పు వెతకమని విదేశీ వీడియోలు చెబుతాయి. మన దేశంలో తినే ఉప్పును అయోడిన్ కలపకుండా అమ్మకూడదు, దానికోసం ఊరంతా తిరగడం దండగ. అంత పట్టింపు ఉంటే మందుల షాపులో 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ దొరుకుతుంది, తెరిచిన సీసా ఆరోజే వాడేయాలి. మౌత్‌వాష్ వాడితే ఆల్కహాల్ లేనిదే వాడాలి, అదీ అతిగా వద్దు. గంటకోసారి పుక్కిలిస్తే నాలుక తెల్లబారి మండుతుంది, దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని ఇంకా ఎక్కువ పుక్కిలిస్తారు. క్లోర్‌హెక్సిడిన్ డాక్టరు రాస్తేనే. వారాల తరబడి వాడితే పళ్లకు గోధుమ రంగు మరకలు పడతాయి, రుచి మందగిస్తుంది. పసుపు, లవంగ నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏవీ రాయొద్దు. కొత్త మెత్తటి బ్రష్ కొనండి. తొలి రోజుల్లో చిన్న ఐసు ముక్కలు చప్పరిస్తూ, రెండు తలగడలు వేసుకుని పడుకుంటే వాపు కొంత తేలిక. చల్లారిన రాగి జావ, మెత్తటి పప్పన్నం చాలు, ఆవకాయ కొన్నాళ్లు జాడీలోనే ఉండనివ్వండి. గాయం మానేదాకా సిగరెట్, గుట్కా, మద్యం, ముద్దులు బంద్. రోజూ చేతులు కడుక్కుని గుండ్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. వదులైన గుండు కడుపులోకి పోతే సాధారణంగా బయటికి వచ్చేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం. గాయం మానాక కూడా కింది గుండు చుట్టూ గార పేరుకుంటుంది, పళ్లతోపాటు దాన్నీ తోమాలి.

తెల్లగా, లేత పసుపుగా కొద్దిగా ఊరడం మామూలే. చిక్కటి ముదురు పసుపు లేదా ఆకుపచ్చ చీము, దుర్వాసన, జ్వరం వస్తే డాక్టర్ని కలవాలి. బార్ మీరే పీకేయొద్దు, పై రంధ్రం పూడితే చీము లోపలే ఉండిపోతుంది. గడ్డం కింద గట్టిపడినా, నోటి అడుగు ఉబ్బి నాలుక పైకి లేచినా, ఉమ్మి మింగలేకపోయినా అది పళ్ల ఆసుపత్రి పని కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంత వాపు గొంతు దాకా పాకి ఊపిరి ఆపేయగలదు. పుట్టుకతో గుండెలో లోపం ఉన్నవాళ్లు, కవాటం మార్పించుకున్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తమ డాక్టరు సరేననకుండా కుట్టించుకోకూడదు.

2024 డిసెంబరులో తిరుచిరాపల్లిలో నాలుకను రెండుగా చీల్చారన్న కేసులో టాటూ దుకాణం వాళ్లిద్దరిని పోలీసులు అరెస్టు చేశారు. అది కుట్టడం కాదు, శస్త్రచికిత్స. నొప్పి తెలియకుండా లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇచ్చి కుడతామనే స్టూడియోలనూ అదే గాటన కట్టాలి. మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు దుకాణానికే గానీ సూది పట్టిన చేతికి కాదు.

అధికారులు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. నాలుక కుట్టిన ప్రతి రసీదు మీద బార్ లోహం, పొడవు, రెండో బార్ మార్చే తేదీ, దాని ధర రాసి తీరాలని ట్రేడ్ లైసెన్సులో షరతు పెట్టాలి. అది వచ్చేదాకా ఆ నాలుగూ రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

— ఒక దంత వైద్యురాలు, ఒక పియర్సర్
హైదరాబాద్