గ్రౌండ్ గేటు తాళం ఎవరి దగ్గరుంది? క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. సెలవు రోజుల్లో క్రికెట్, కబడ్డీ టోర్నమెంట్లకు అంపైర్‌గా, రిఫరీగా వెళ్తుంటాను. ఉప్పల్‌లో ఐపీఎల్ జరిగితే అంబులెన్స్, డాక్టర్లు సిద్ధంగా ఉంటారు. నా బాధ ఆ మ్యాచ్‌ల గురించి కాదు, స్కూలు మైదానాల్లో, బస్తీ గ్రౌండ్లలో ఏడాది పొడవునా జరిగే పోటీల గురించి. అక్కడ మైకు పెట్టాలంటే పోలీసు పర్మిషన్ కావాలి. నాయకుల ఫ్లెక్సీలు ముందురోజే లేచి నిలబడతాయి. ఆడుతున్న పిల్లాడు కుప్పకూలితే ఏం చేస్తారని మాత్రం ఎవరూ అడగరు.

గుండె సంగతి చెప్తాను. గట్టి బంతి ఛాతీకి తగలకూడని క్షణంలో తగిలితే, ఎముక విరగకుండా, చుక్క రక్తం రాకుండా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఛాతీ ఇంకా గట్టిపడని పిల్లల్లో ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడు కావాల్సింది వెంటనే సీపీఆర్ (ఛాతీని చేతులతో లయగా నొక్కడం), ఆపైన కొద్ది నిమిషాల్లో డీఫిబ్రిలేటర్ షాక్, అంటే గుండెను మళ్లీ లయలోకి తెచ్చే యంత్రంతో ఇచ్చే కరెంటు షాక్. సీపీఆర్ కూడా లేకపోతే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 2021లో జరిగిన యూరో కప్ ఫుట్‌బాల్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలోనే పడిపోతే అక్కడే సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చి బతికించారు. మరుసటి ఏడాదే మళ్లీ ఆటలోకి వచ్చాడు. ఆస్పత్రికి చేరేదాకా ఆగి ఉంటే?

108 సేవ పుట్టిందే మన ఊళ్లో, 2005 ఆగస్టు 15న. ఆ సిబ్బందిని నేను తప్పుపట్టను. కానీ సాయంత్రం ట్రాఫిక్ దాటుకుని వాళ్లు పావుగంటలో వచ్చినా ఈ కేసులో ఆలస్యమే. తీరా వచ్చాక గ్రౌండ్ గేటుకు తాళం, దాని ముందు వరసగా బైకులు. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ టీకి వెళ్లి ఉంటాడు. ఇది ఒక్క గ్రౌండ్ కథ కాదు సార్.

తల దెబ్బ ఇంకో రకం మోసం చేస్తుంది. 1998లో ఢాకాలో క్లబ్ మ్యాచ్ ఆడుతూ భారత క్రికెటర్ రమణ్ లాంబా హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కు బాగా దగ్గరగా, నిలబడ్డాడు. బంతి తలకు తగిలింది. తన కాళ్ల మీదే నడిచి బయటికి వెళ్లినవాడు కోమాలోకి జారి మూడు రోజులకు చనిపోయాడు. మన దగ్గర అయితే మొహం మీద నీళ్లు కొట్టి, "ఏం కాలే, ఆడు" అంటాం. లేదంటే సీటీ స్కాన్ కూడా లేని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తాం. అక్కణ్నుంచి గాంధీకో నిమ్స్‌కో మార్చేలోపు విలువైన సమయం పోతుంది.

కబడ్డీలో మెడ మీద పడ్డవాణ్ని నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో కుక్కడం చూస్తే నాకు గుండె దడ. వెన్ను దెబ్బతిని ఉంటే అలా మోయడంతోనే జీవితాంతం మంచానికి అతుక్కుపోవచ్చు.

నేను అడిగేది కొత్త స్టేడియం కాదు. టోర్నమెంట్ పర్మిషన్ కాగితంలోనే ఇవి రాయించండి: సీపీఆర్ నేర్చుకున్నవాళ్లు ఇద్దరు ఎవరు, గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది, తల దెబ్బకు ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వెన్ను కదలకుండా పడుకోబెట్టి మోసే స్పైన్ బోర్డు లేనిదే కబడ్డీ, కుస్తీ పోటీలు మొదలుపెట్టనివ్వొద్దు. డీఫిబ్రిలేటర్ ధర లక్షకు అటూ ఇటూ. ప్రతి బస్తీ గ్రౌండ్‌కీ ఇప్పుడే కొనలేకపోవచ్చు, ఒప్పుకుంటాను. మున్సిపల్ సర్కిల్‌కి కొన్ని కొని, మ్యాచ్ రోజున నిర్వాహకులకు అప్పగించి సాయంత్రం వెనక్కి తీసుకోవచ్చు. టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలకు ఆ పనే చేస్తున్నారు కదా.

పీఈటీలకు సీపీఆర్ శిక్షణ ఏటా ఇవ్వాలి. స్లైడ్లు చూపించి పంపేయకుండా, బొమ్మ మీద చేతులతో నొక్కించి నేర్పాలి. రాష్ట్ర ప్రభుత్వం నిర్వహించే సీఎం కప్ పోటీల వచ్చే సర్క్యులర్‌లోనే ఇదంతా ఒక పేరాగా చేరిస్తే, అమలు చేయడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, హైదరాబాద్