పత్రిక వెళ్లిపోయినా గోడలు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

పాత పత్రికాఫీసులు కనిపిస్తే కూలగొట్టేయాలని చూసేవాళ్లు షికాగోలోని ట్రిబ్యూన్ టవర్ సంగతి తెలుసుకోవాలి. 1922లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచంలోకెల్లా అందమైన ఆఫీసు కావాలని పోటీ పెడితే 260కి పైగా డిజైన్లు వచ్చాయి. 1925కల్లా 36 అంతస్తులు లేచాయి. 2018లో పత్రిక ఖాళీ చేసింది, ఇప్పుడందులో ఖరీదైన ఫ్లాట్లున్నాయి.

నన్ను కట్టిపడేసేది కింది గోడలు. విలేకరులు దేశదేశాల నుంచి తెచ్చిన రాతిముక్కలు అందులో పొదిగి ఉన్నాయి. తాజ్‌మహల్‌ది, చైనా గోడది, పిరమిడ్‌ది. పక్కనే ఎక్కడిదో చెక్కి ఉంటుంది. అలా తేవడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కానీ ఫుట్‌పాత్ మీద వెళ్లే ఎవరైనా ఆగి చదువుకోవచ్చు, తడిమి చూడొచ్చు.

1989లోనే నగరం దాన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించింది కాబట్టి ఆ ముఖద్వారం, గోడలు నిలిచాయి. పత్రిక ఖాళీ చేశాక ప్రకటిద్దామంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. అచ్చుయంత్రాలు నడిచిన ప్రతి పాత భవనానికీ, అమ్మకం మాట రాకముందే ఈ రక్షణ కల్పించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు