అంగుళం ముక్కకు నిలవని బట్ట: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ‘అతి చిన్న ముక్కల బొంతలకు ప్రత్యేకం’ అని మీరు అమ్మిన 40 ముక్కల బట్టల కట్ట గురించి.

అయ్యా/అమ్మా,

పోయిన నెల మీ దగ్గర ఒక బట్టల కట్ట కొన్నాను. 40 రకాల ప్రింట్లు, ఒక్కొక్కటి 10 అంగుళాల చదరం, ధర రూ. 1,890. పైన ‘అతి చిన్న ముక్కల బొంతలకు ప్రత్యేకం, నూటికి నూరు శాతం ప్రీమియం కాటన్’ అని ఉంది. ఆ ‘అతి చిన్న’ అన్న మాట చూసే కొన్నాను. లేకపోతే విజయవాడలో ఉంటూ బట్ట కోసం ఫోన్లో వెతకాల్సిన ఖర్మ నాకేంటి? ఇక్కడి బట్టల బజారు వస్త్రలతకు వెళ్తే కేంబ్రిక్కు, అంటే దగ్గర నేత ఉన్న సన్నటి నూలుబట్ట, కావలసినంత దొరుకుతుంది. కాకపోతే అక్కడ 40 రంగులు కావాలంటే తలా ఒక మీటరైనా కోయించుకోవాలి. మీరు ముక్కలుగానే ఇస్తామన్నారు కదా అని ఆశపడ్డాను.

మీ చాట్‌లో ఇప్పటికి మూడుసార్లు రాశాను. మొదటిసారి ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్నారు. రెండోసారి ‘స్క్రీన్ వల్ల రంగుల్లో స్వల్ప తేడా ఉండవచ్చు’ అన్నారు. నేను రంగు మాటే ఎత్తలేదు. మూడోసారి ‘కత్తిరించిన బట్ట వాపసు తీసుకోం’ అన్నారు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. దీన్ని చదివేది బట్ట గురించి తెలిసిన మనిషి అయితే బాగుండును.

నేను కుట్టాలనుకున్నది ఏమిటో ముందు చెప్తాను. మా అమ్మాయికి ఏడో నెల. పురిటి బిడ్డకు మా ఇళ్ళలో కొత్త బట్ట వెయ్యం, పాత చీరల బొంత మీదే పడుకోబెడతాం. అది వేరే కుట్టి పెట్టాను. ఇది బారసాల తర్వాత వాడుకునే బొంత: 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు, మొత్తం అంగుళం చదరాలతో. అంటే 1,728 ముక్కలు. చుట్టూ పావు అంగుళం కుట్టు వదులుకోవాలి కాబట్టి ఒక్కో ముక్క అంగుళంన్నర చొప్పున కత్తిరించాలి. మీ 10 అంగుళాల గుడ్డలో అడ్డం ఆరు, నిలువు ఆరు, 36 వస్తాయి. 40 గుడ్డలకు 1,440. మిగతా 288 మా అమ్మ మంగళగిరి చీర లోంచి తీద్దామనుకున్నాను. లెక్క చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

కట్ట విప్పగానే బట్ట పెళపెళలాడింది, కొత్త నోటులాగా. అనుమానపడాల్సింది అప్పుడే. గోరువెచ్చని నీళ్ళలో వేసి పిండేసరికి గంజి అంతా బకెట్లోకి దిగింది, నీళ్ళు కుడితిలా అయ్యాయి. ఆరాక చూస్తే చేతిలో మిగిలింది గాజుగుడ్డకు అన్న లాంటిది. గంజి పెట్టడం తప్పని నేననను. మెత్తటి పాత చీరకు నేనే పలచగా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కత్తెర పెడతాను. లేకపోతే ముక్క సాగిపోతుంది. అది కోత సూటిగా రావడానికి పెట్టే గంజి. మీది నేతలో సందులు కనపడకుండా పెట్టిన గంజి.

ఎంత సందో కూడా చూశాను. అట్టముక్కలో అంగుళం కిటికీ కోసి, బట్ట మీద పెట్టి, భూతద్దం కింద సూదిమొనతో పోగులు లెక్కపెట్టాను. మీ బట్టలో పడుగు (నిలువు పోగులు) 52, పేక (అడ్డం పోగులు) 44. ఇంట్లో మిగిలిన కేంబ్రిక్కు గుడ్డను అలాగే లెక్కపెడితే పడుగు 90, పేక 86 వచ్చాయి. బజారులో సన్నటి 60 నంబరు నూలుతో నేసిన కేంబ్రిక్కును 92/88 అని అమ్ముతారు, దాదాపు సరిపోయినట్టే. ఇప్పుడు పావు అంగుళం కుట్టు సంగతి చూడండి. కేంబ్రిక్కులో ఆ పావు అంగుళంలో 22 పోగులుంటాయి. చేతిలో తిప్పేటప్పుడు నాలుగు ఊడినా 18 మిగులుతాయి, కుట్టు కదలదు. మీ బట్టలో ఉన్నవే 11. నాలుగు ఊడితే ఏడు. ఆ ఏడు పోగుల మీద ఒక బిడ్డ కాళ్ళతో తన్నే బొంత ఆగాలి!

ఆగలేదు. ఇంచుకు 14 కుట్లు పడేలా మిషను బిగించి, సన్నబట్టకు వాడే 11 నంబరు సూదితో తొమ్మిది ముక్కల గళ్ళు నాలుగు కుట్టాను. రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగితే కుట్టు తెగలేదు, దారం అలాగే ఉంది. బట్టే దారం పక్కనుంచి జారిపోయి, కుట్టు వెంబడి చిన్నచిన్న కిటికీలు తెరుచుకున్నాయి. వెలుతురుకు పెడితే అవతల కిటికీ ఊచ కనిపించింది. ఫొటో జతచేశాను. అదే గడిలో మధ్యన మా అమ్మ చీర ముక్క ఉంది, ఇరవై ఏళ్ళు కట్టి ఉతికిన చీర. దాని వైపు ఒక్క పోగూ కదల్లేదు. ఇంకా సన్నటి ఎనభయ్యో నంబరు నూలు, దగ్గర నేత. అందులోనూ కుచ్చిళ్ళ దగ్గర నలిగిన భాగం వదిలేసి, పైట లోపలి వైపు నుంచి కోశాను.

పోగులు తక్కువైతే బట్ట పలచగా అయినా ఉండాలి. మీది అదీ కాదు, పోగు లావు. పెద్ద ముక్కల దుప్పటికి ఇది తెలియదు. ఆరు అంగుళాల ముక్కలో కుట్టు కిందికి పోయేది కొంచెమే. అంగుళం ముక్కలో అయితే కోసిన బట్ట రెండుంబావు చదరపు అంగుళాలు, పైకి కనిపించేది ఒకటి. సగం కంటే ఎక్కువ బట్ట అడుగున మడతల్లోనే ఉంటుంది. కాబట్టి బొంత వీపు అంతా కుట్టు మడతలే. నాలుగు ముక్కలు కలిసే ప్రతి మూలా మీ లావు బట్టతో శనగగింజలాగా తగిలింది. ఆ గింజల మీద పసిబిడ్డను పడుకోబెట్టమంటారా? ఇంకో సంగతి, మందపు బట్ట మడిచేటప్పుడు మడతలోనే కాస్త తినేస్తుంది. ఒక్కో వైపు అంగుళంలో 32వ వంతు పోయిందనుకోండి, కంటికి ఆనదు. 36 ముక్కల వరుస పూర్తయ్యేసరికి రెండుంబావు అంగుళాలు తగ్గుతుంది. ఒక వరుస తగ్గి పక్క వరుస తగ్గకపోతే గళ్ళు కలవవు. చిన్న ముక్కల పని చేసేవాళ్ళు సన్నటి, గట్టి నేత కోసం ఎందుకు ప్రాణం పెడతారో మీ బట్టలు ఎంచే వాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

ఇక కోత. 40 గుడ్డల్లో 17 పోగు వెంబడి కోసినవి కావు. అంచు నుంచి ఒక పోగు లాగి చూస్తే అది ఏటవాలుగా పోయి పక్క అంచులో తేలింది. దానికి తోడు మీరు 10 అంగుళాలు కొలిచింది అంచు చుట్టూ కోసిన రంపపు పళ్ళ మొనల నుంచి. ఉతికాక కుంగింది, వంకర సరిచేశాక ఇంకా తగ్గింది. ఆ 17 గుడ్డల్లో ఒక్కో వరుస పోయింది, అంటే 102 ముక్కలు తక్కువ. వంకరగానే కోసుకుంటే లెక్క సరిపోయేది కానీ, ఏటవాలు ముక్క ఇస్త్రీ పెట్టె కిందే సాగుతుంది. గళ్ళ ప్రింటు అయితే అంగుళంలోనే వంకర బయటపడుతుంది.

ప్రింట్ల సంగతికొస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీరు ‘కలంకారీ’ అని పెట్టిన తొమ్మిది గుడ్డల్లో మామిడి పిందెలు ఒక్కొక్కటి నాలుగు అంగుళాలున్నాయి. అంగుళం ముక్కలుగా కోస్తే పిందె ఎక్కడుంటుంది? ఒక గుడ్డ నుంచి వచ్చిన 36 ముక్కల్లో 14 ఉత్త ముదురు ఎరుపు, ఐదు ఉత్త నలుపు. మిగతావి దేని తోకో దేని ముక్కో తెలియని గీతలు. నాలుగు వేర్వేరు ప్రింట్లని మీరు అమ్మినవి కోశాక ఒక్క కుప్పలా కలిసిపోయాయి, ఏది ఏదో నాకే తెలియలేదు. చిన్న ముక్కకు చుక్కలు, గోధుమగింజంత బుటా, సన్నగళ్ళు కావాలి, లేదా సాదా రంగు. ముదురుకీ లేతకీ తేడా కొట్టొచ్చినట్టుండాలి. మీ ఫొటోలో ప్రింటు పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఉంటే నేను ఆ తొమ్మిదీ ముట్టుకునేదాన్నే కాదు.

పైగా అది కలంకారీ కాదు. మాది కృష్ణా జిల్లా, పెడన పక్క ఊరే మా పుట్టిల్లు. కరక్కాయ నీళ్ళలో ముంచి, పటిక అద్దకం వేసి, చెక్క అచ్చుతో కొట్టి, ఉడికించి తీసిన బట్ట ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూశాను. ఆ రంగు పోగులోకి దిగుతుంది, వెనక్కి తిప్పినా అచ్చు తెలుస్తుంది. మీ బట్ట వెనక తెల్లగా ఉంది. ముందు వైపు బంక కలిపిన రంగు పూత. చేతిసూది దిగాలంటే వేలికి అంగుస్తానం తొడుగు పెట్టుకుని నొక్కాలి, దిగినప్పుడు టిక్కుమంటుంది. స్క్రీన్ ప్రింటు అమ్ముకోండి, తప్పులేదు, ఆ పేరుతోనే అమ్మండి.

ఆరు గుడ్డలు నూలే కావు. నూలు వేడికి ఇస్త్రీ పెడితే ముడుచుకున్నాయి. అంచు పోగులు లాగి వెలిగించాను. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, వేళ్ళ మధ్య నలిపితే పొడి. ఇవి కరిగి, చల్లారాక నల్లటి పూసలా గట్టిపడ్డాయి. పాలియెస్టరు కలిసిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కుట్టు మడతను ఎంత అదిమినా అది స్ప్రింగులా లేచి కూర్చుంటుంది. 1,728 ముక్కల బొంతలో అలాంటి మడతలు ఎన్నో మీరే ఊహించుకోండి.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. రంగు దిగుతుందేమోనని తడి తెల్లగుడ్డతో రుద్ది చూసింది మూడు గుడ్డలనే. అవి దిగలేదని 40 కలిపి నానబెట్టాను. ఒక కుంకుమరంగు గుడ్డ దిగి, పక్కనున్న రెండు లేత రంగు గుడ్డలు గులాబీ అయ్యాయి. వాటి డబ్బు మినహాయించుకోండి, వాదించను. మిగతా లోపాలు మాత్రం మీవే.

‘కత్తిరించిన బట్ట వాపసు తీసుకోం’ అన్న మాట గురించి ఒక్కటే అడుగుతాను. ఉతక్కుండా గంజి దిగదు, కొయ్యకుండా ప్రింటు సరిపోతుందో లేదో తెలియదు, కుట్టకుండా పోగు జారుతుందని తెలియదు. ఈ లోపాలన్నీ కోశాకే బయటపడేవి. కొయ్యడానికి అమ్మిన వస్తువును కోశారు కాబట్టి తీసుకోమంటే, కొబ్బరికాయ కొట్టి చూశావు కాబట్టి కుళ్ళినా నీదే అన్నట్టుంది. పైగా కట్ట మీదే ‘ముక్కల బొంతలకు’ అని రాసింది మీరు.

కాబట్టి నేను కోరేది ఇది. ఆ రెండు గుడ్డల పాలు రూ. 94.50 పోను మిగిలిన రూ. 1,795.50 నా ఖాతాకు వెయ్యండి. పదకొండు సాయంత్రాలు వృథా అయ్యాయి, వాటికి నేను వెల కట్టడం లేదు. మీ పేజీలో ‘అతి చిన్న ముక్కలకు’ అన్న మాట తీసెయ్యండి. ఉంచాలనుకుంటే దాని కింద అంగుళానికి ఎన్ని పోగులో, నూలు ఎన్నో నంబరో, ముందే ఉతికారో లేదో, ప్రింటులో పెద్ద బొమ్మ ఎంత సైజో రాయండి. పాలియెస్టరు ఉంటే ఉందని రాయండి. కట్ట అమ్మే ముందు నాలుగు అంగుళాల నమూనా గుడ్డ పదో ఇరవయ్యో రూపాయలు తీసుకుని పంపినా నాలాంటి వాళ్ళు సంతోషంగా కొంటారు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ లోపు మీ నుంచి మనిషి రాసిన జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదని మా వీధి చివర ప్లీడరు గారు చెప్పారు.

కోసిన ముక్కలు, కోయని గుడ్డలు, కాల్చి చూసిన పోగులు, కుట్టిన నాలుగు గళ్ళు అన్నీ ఒక సంచిలో కట్టి పెట్టాను. బిల్లు నకలు, ఆరు ఫొటోలు దీనితో పంపుతున్నాను. సంచి తీసుకెళ్ళడానికి మనిషిని పంపితే మధ్యాహ్నం మూడు దాటాక పంపండి, అంతవరకు మిషను ముందు ఉంటాను, కాలింగ్ బెల్లు వినపడదు. ఆ నాలుగు గళ్ళ మధ్యలో ఉన్న మా అమ్మ చీర ముక్కలు మాత్రం విప్పి తీసుకున్నాను. అవి మీ లెక్కలోవి కావు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
విజయవాడ