వృద్ధుల దిగులుకు మందులూ కారణం కావచ్చు

సంపాదకులకు,

అయ్యా,

పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటే, తిరుపతి, చిత్తూరు ఇళ్లలో మిగిలిపోయిన తల్లిదండ్రుల ఒంటరితనం కాదనలేని నిజం. అయినా పెద్దవాళ్లు అన్నం సహించక, ఎవరితోనూ మాట్లాడక, పొద్దస్తమానం మంచం మీదే ఉంటే, దానిని వయసుకో ఒంటరితనానికో ముడిపెట్టి ఊరుకోకుండా, వారు వాడుతున్న మాత్రలన్నింటినీ ఒకసారి వైద్యునికి చూపించాలని నా మనవి.

బీపీకి ఒకరి దగ్గర, మోకాళ్ల నొప్పులకు ఇంకొకరి దగ్గర, నిద్రకు మరొకరి దగ్గర రాయించుకున్న చీటీలను కలిపి చూసేవారు చాలా ఇళ్లలో ఉండరు. ఉబ్బసానికీ కీళ్లవాతానికీ వాడే ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లు కొందరి మనసును కుంగదీస్తాయి. నిద్ర కోసమని మొదలై ఏళ్ల తరబడి సాగే ఆల్ప్రజోలం వల్ల మత్తు, మతిమరుపు, నిరుత్సాహం పెరగవచ్చు. తలతిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్‌ను, పార్శ్వనొప్పికి ఇచ్చే ఫ్లూనరిజిన్‌ను ఎక్కువకాలం వాడిన వృద్ధులలో దిగులుతోపాటు చేతుల వణుకు, నడకలో మందగింపు కూడా కనిపించవచ్చు. ఇంట్లోవాళ్లు దానిని ముసలితనమనే అనుకుంటారు, నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే. చక్కెర జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ నేరుగా దిగులు కలిగించకపోయినా, దీర్ఘకాలంలో బి12 విటమిన్‌ను తగ్గించగలదు, ఆ లోపం నీరసాన్నీ కుంగుబాటునూ తెచ్చిపెట్టవచ్చు. పైగా వయసు మీరేకొద్దీ మూత్రపిండాల పని మందగించి కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి కనుక, 50 ఏళ్లప్పుడు సరిపోయిన మోతాదు 75 ఏళ్లకు ఎక్కువ కావచ్చు.

ఇది చదివి ఎవరూ మాత్రలను సొంతంగా మానేయకూడదు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్లనూ నిద్రమాత్రలనూ హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించుకోవలసినవే అవి. థైరాయిడ్ లోపం వంటి ఇతర కారణాలనూ ఆయనే తేల్చాలి.

ఆల్ప్రజోలం, ఔషధ నియమాల్లో షెడ్యూల్ హెచ్1 అనే కఠిన నియంత్రణ జాబితాలో ఉన్న మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. అయినా పాత చీటీ మీదనే మళ్లీ మళ్లీ ఇచ్చే అంగళ్లు ఉన్నాయి కనుక ఔషధ నియంత్రణ అధికారులు ఆ రిజిస్టర్లను తనిఖీ చేయాలి. అలాగే నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో వృద్ధులను నిద్ర, ఆకలి, మనసు ఎలా ఉన్నాయో అడిగి, బయట కొనుక్కుంటున్న మందులతో సహా అన్నింటినీ ఒకే కాగితం మీద రాసి, ఆరు నెలలకొకసారైనా వైద్యుడు సరిచూసే ఏర్పాటు చేయాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి