దొరికిందిరా, ట్రినిట్రాన్ దొరికింది!

ఒరేయ్ చిట్టీ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసెయ్, తర్వాత చదువు. నీ ఉత్తరానికి జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డుపడింది. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. పాప మూడో తరగతికొచ్చింది. నాకు మళ్లీ మధ్యాహ్నం షిఫ్టు పడింది. మరదలి పెళ్లి మాఘంలో, శుభలేఖ విడిగా వస్తుంది. ఇక అసలు సంగతికి వస్తా. ఇది ఫోన్లో చెప్తే తనివి తీరదు, అందుకే ఈ కాగితాలు.

దొరికిందిరా! లోపల గాజు పిక్చర్ ట్యూబు ఉండే పాత డబ్బా మానిటర్! అదీ అలాంటిలాంటిది కాదు. సోనీ ట్రినిట్రాన్, 17 అంగుళాలు, ఫ్లాట్ ట్యూబు. వెనక లేబుల్ మీద తయారైన ఏడాది 2001 అని ఉంది. మనం దానవాయిపేట గేమ్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి ఆడే రోజుల్లో, ఆ గాజు తలుపు గదిలో ఓనరు తన ఒక్కడి కోసం పెట్టుకున్నాడే, నువ్వు 'మహారాజు గారి టీవీ' అనేవాడివి, అచ్చం అలాంటిదే. ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. ఈ ఉత్తరం కూడా దాని పక్కనే కూర్చుని రాస్తున్నా.

నువ్వు పోయిన ఉత్తరంలో అడిగావు చూడు, 'ఎల్‌సీడీ మీద పాత తెరలా చూపించే ఫిల్టర్ వేసుకుని ఆడుకోవచ్చుగా, ఆ బరువంతా ఎందుకు మోయడం' అని. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు చెప్తా విను. ఎల్‌సీడీకి పుట్టుకతోనే గళ్లు కట్టేసి ఉంటాయి, 1920 అడ్డం, 1080 నిలువు. మన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట బొమ్మేమో 320 అడ్డం, 200 నిలువు. ఆ చిన్న బొమ్మను ఈ గళ్లలో ఇరికించాలంటే ఎక్కడో అక్కడ సాగదీయాలి, అక్కడే అలికేసినట్టు అయిపోతుంది. పైగా తెర వెడల్పంతా నింపితే రాకుమారుడు లావైపోతాడు. ట్యూబుకి ఈ గొడవే లేదు. ఎన్ని గీతలు గీయమంటే ఎలక్ట్రాన్ కిరణం అన్ని గీతలు గీస్తుంది. మానిటర్‌కి బొమ్మ పంపే పాత వీజీఏ కార్డు ఆ 200 గీతల్నీ రెండేసి సార్లు పంపి 400 చేస్తుంది, సెకనుకు 70 సార్లు. ఆ ఆట బొమ్మలు గీసినవాళ్లు చూసింది ఇలాంటి తెర మీదే కదరా! వాళ్లు చూసిందే మనమూ చూడాలని నా కోరిక.

కదలిక సంగతి ఇంకా పెద్దది. ఎల్‌సీడీ ఒక ఫ్రేమును, అంటే ఒక్కో నిశ్చల బొమ్మను, పట్టుకుని తర్వాతది వచ్చేదాకా వదలదు. మన కన్నేమో పరిగెత్తే బొమ్మ వెంట పోతుంటుంది, అందుకే మసక. ట్యూబులో ఒక్కో చుక్క వెలిగి వెంటనే ఆరిపోతుంది. అందుకే బైకు రేసు ఆట రోడ్ రాష్‌లో పక్కనుంచి దూసుకుపోయే కార్లు అంత నిక్కచ్చిగా కనిపించేవి. మనం చిన్నతనంలో ఊహించుకున్నదేం కాదు, నిజంగానే అలా ఉండేది. మొన్న రాత్రి చూసుకున్నా కదా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

సరే, దొరికిన కథ.

కొత్తవి ఎవరూ చేయడం లేదు కాబట్టి పాతవాటిలోనే ఏరుకోవాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అడిగితే కుర్రాళ్లు నా మొహం చూసి 'అన్నా, అవన్నీ ఎప్పుడో స్క్రాప్‌కి పోయినయ్' అన్నారు. ఇక ఎర్రగడ్డ ఆదివారం సంతే దిక్కు. తెల్లారగట్ల వెళ్తేనే ఏమైనా ఉంటాయి, ఎండెక్కాక మిగిలేవి ఛార్జర్లు, రిమోట్లు. ఆఫీసు నుంచి పారేసిన పాత ల్యాప్‌టాప్ ఒకటి, వీజీఏ పోర్టు ఉన్నది, సంచిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. అందులో నాలుగు బొమ్మలు. మొత్తం తెలుపు, మొత్తం నలుపు, సన్నటి గళ్లు, చిన్న అక్షరాలతో నిండిన పేజీ. మానిటర్ గుట్టు బయటపెట్టడానికి ఇవి చాలు.

ఎన్ని చూశానో! ఒకదాంట్లో ఏదో మెడికల్ షాపు బిల్లు ఫారం ట్యూబులోకే అచ్చుపడిపోయింది. కరెంటు ఆపేసినా గాజు మీద ఆ గడులు కనిపిస్తున్నాయి. ఒకటి ఆన్ చేయగానే టక్ టక్‌మని చప్పుడు, హైవోల్టేజి ఎక్కడో లీకవుతోంది. ఒకదానికి మధ్యలో అక్షరాలు బాగున్నాయి, మూలల్లో మాత్రం ప్రతి అక్షరం వెనకా ఎర్ర నీడ. చాలావాటికి వెలుగే చచ్చిపోయింది. ఇది గుర్తుపెట్టుకో చిట్టీ, అమ్మేవాడు ముందే ఆన్ చేసి వేడెక్కించి చూపిస్తే నమ్మొద్దు. చల్లగా ఉన్నదాన్ని నీ ఎదురుగా ఆన్ చేయించు. మంచి ట్యూబు అయితే కొద్ది సెకన్లలో బొమ్మ వచ్చేస్తుంది, రంగులు నిలబడతాయి. నిమిషాల తరబడి చీకటిగా, ఎర్రగా గునిసిందంటే దాని గన్ను, ఎలక్ట్రాన్లు చిమ్మేది, అరిగిపోయినట్టే.

అన్నింటికన్నా నన్ను ఏడిపించింది వేరే. ఒక మూల మానిటర్లు గుట్టగా పోసి ఉన్నాయి. ఆశగా దగ్గరికెళ్లా. ఒక్కదానికీ వెనక డొప్ప లేదు, ట్యూబు మెడ విరిగి ఉంది. మెడ చుట్టూ ఉండే రాగి చుట్ట కోసం విరగ్గొట్టేస్తారట. మెడ విరిగిన క్షణంలో లోపలికి గాలి పోతుంది, ఇక ఆ ట్యూబు ఎన్నటికీ వెలగదు. కిలో రాగి కోసం! వాళ్ల పొట్టకూటి పని అది, వాళ్లని ఏమీ అనలేను. కానీ ఆ గుట్టలో ఒక 19 అంగుళాల ట్రినిట్రాన్ కనిపించిందిరా. అక్కడే కాసేపు నిలబడిపోయా. ఆ రోజు టిఫిన్ కూడా తినబుద్ధి కాలేదు.

అలాంటి రోజుల తర్వాత ఒక ఆదివారం, పాత కుట్టు మిషన్ల వెనక, తెల్లటి డబ్బా అంచు కనిపించింది. ముందు భాగం దుమ్ముతో నిండిపోయి ఉంది. రుమాలుతో తుడిస్తే కింద మూల సోనీ అక్షరాలు. గుండె ఆగినంత పనైంది. అమ్మేది ఒక పెద్దాయన. 'అది వద్దు బిడ్డా, ట్యూబు వోయింది. అంత పసుపచ్చగ గొడ్తున్నది' అన్నాడు. 'పర్లేదు తాతా, ఒక్కసారి పెట్టి చూస్తా' అన్నా. పక్క టీ కొట్టు నుంచి వైరు లాగి ప్లగ్గు పెట్టాం.

ఆన్ చేశా. ధడ్‌మని ఒక్క మోత, తెర ఒంటిమీద వెంట్రుకలు లాగినట్టు చిటపట. ఆ చప్పుడు మర్చిపోయావా నువ్వు? అది డీగాస్ చుట్ట, లోపలి లోహానికి పట్టిన అయస్కాంతత్వాన్ని దులిపేస్తుంది. బొమ్మ వచ్చింది. తెల్ల పేజీ పెడితే నిజంగానే నిండా పసుపు, పసుపు నీళ్లు చల్లినట్టుంది. కానీ వెలుగు ఎంతుందో తెలుసా! అక్షరాలు నాలుగు మూలలా సూదిమొనల్లా ఉన్నాయి. తెర దగ్గరికి మొహం పెట్టి చూస్తే అడ్డంగా రెండు సన్నటి నీడ గీతలు. చాలామంది అవి చూసి గీతలు పడ్డాయని వదిలేస్తారు. నాకవి అసలు సరుకన్న గుర్తు. ట్రినిట్రాన్‌లో మామూలు ట్యూబుల్లోలా చిల్లుల రేకు ఉండదు, నిలువు తీగలు ఉంటాయి, అవి అదరకుండా రెండు సన్నటి తీగలు అడ్డంగా కడతారు. వాటి నీడే అది.

ఇంత ఆరోగ్యంగా ఉన్న ట్యూబు పసుపెందుకు కొడుతోంది? పసుపంటే ఎరుపు, ఆకుపచ్చ వస్తున్నాయి, నీలం రావడం లేదు. నీలం గన్ను పోయిందా, నీలం సిగ్నలే రావడం లేదా? వైరు పీకి ప్లగ్గు వెలుతుర్లో పట్టుకుని చూశా. పదిహేను పిన్నులు, మూడు వరసలు. పై వరసలో ఐదు, వాటిలో సరిగ్గా మధ్యది, మూడో నంబరు, అదే నీలం పిన్ను. పక్కకి వాలిపోయి అడుక్కంటా ఒరిగి ఉంది!

చేతులు వణికాయిరా. సంచిలో పాప పెన్ పెన్సిల్ ఉంది. ముల్లు లోపలికి నొక్కి, ఖాళీ మొనని ఆ పిన్నుకి తొడిగి, కొంచెం కొంచెంగా లేపా. గట్టిగా లాగితే తెగిపోతుంది, తెగితే వైరు మొత్తం మార్చాలి. పెద్దాయన పక్కనే కూర్చుని బీడీ ఆర్పేసి మరీ చూస్తున్నాడు. నిలబడ్డాక మళ్లీ గుచ్చా. తెల్లగా, పాలలా, తెర నిండా తెలుపు! పెద్దాయన 'అరె, మంచిగైందిగదా' అని నాకన్నా ఎక్కువ సంబరపడ్డాడు. టీ కొట్టతను కూడా వచ్చి చూశాడు. ముందు ఎనిమిది వందలన్నది రెండు వేలయింది, పదిహేను వందల దగ్గర తెగింది. చేతిలో ఉన్న దాని విలువ నాకు తెలుసు కదా, ఆనందంగా ఇచ్చా. ఆయన పాత దుప్పటి ముక్క ఒకటి చుట్టి ఇచ్చాడు.

ఆటోలో ఎలా తెచ్చానో అడగవేం? గాజు వైపు నా కడుపుకి ఆనించుకుని, వాటేసుకుని, ప్రతి గుంతకీ మన మీసాల మాస్టారి మంత్రం చదువుకుంటూ. అవును, అదే మంత్రం, పైకే చదివా. ఆటో అతను అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. మా అపార్టుమెంటులో లిఫ్టు ఆ రోజే... వదిలెయ్, ఆ కథ మొదలుపెడితే ఇది పూర్తవదు.

ఇంట్లో మావిడ చూసి ఒకే మాట అడిగింది, 'ఇది ఎక్కడ పెడతారు?' అని. తర్వాత తనే కుట్టు మిషన్ జరిపి చోటు చేసింది. మావయ్య ఫోటో స్టూడియోలో మూలపడ్డ పెంటియం 3 కంప్యూటర్ ఉంది కదా, దానికి తగిలించా. విండోస్ 98 మామూలుగా సెకనుకు 60 సార్లు గీసేలా, అంటే 60 హెర్ట్జ్‌లో పెడుతుంది, కళ్లు పోతాయి. 1024×768 దగ్గర 85కి పెంచా, మినుకు మాయం. దీని లేబుల్ మీద హారిజాంటల్ 30 నుంచి 85 కిలోహెర్ట్జ్ అని ఉంది, అంటే సెకనుకు 85 వేల గీతల దాకా గీస్తుంది, కాబట్టి ఆ సైజులో 100 హెర్ట్జ్ దాకా లాగొచ్చు. నువ్వు కొనేటప్పుడు ఈ అంకె తప్పకుండా చూడు. 70 ఉన్నా చాలు, 85 హెర్ట్జ్ అందుతుంది. 54, 55 దగ్గర ఆగిపోయే పాత 15 అంగుళాలవైతే 800×600తో సరిపెట్టుకోవాలి. ఇంకో మాట, నీ దగ్గరున్న ఆ వీడియోగేమ్ డబ్బాని దీనికి నేరుగా తగిలించలేం. అది టీవీకి సరిపడే 15 కిలోహెర్ట్జ్ పంపుతుంది, ఈ మానిటర్ 30 కన్నా కింద పట్టదు. తుపాకీతో బాతుల్ని కాల్చే ఆ ఆటకి డబ్బా టీవీయే కావాలి. దాని వేట వేరే.

వెనక డొప్ప మాత్రం నేను విప్పలేదు, నువ్వూ విప్పకు. లోపల ఇరవై వేల వోల్టుల పైనే తిరుగుతుంది, కరెంటు తీసేశాక కూడా ట్యూబులో నిలవ ఉంటుంది. అవసరం పడితే పాత టీవీ మెకానిక్‌ని పట్టుకో, వాళ్లకి అలవాటు.

రాత్రి అందరూ పడుకున్నాక ప్రిన్స్ పెట్టా. మొదటి గది. గోడ మీద దివిటీ మంట. రాకుమారుడు పరిగెత్తి గోతి అంచున ఆగి, ఆ పాదం జారించి నిలదొక్కుకుంటాడు చూడు, ఆ ఒక్క కదలిక ఎంత సాఫీగా ఉందిరా! అంచులు పదునూ కాదు, మసకా కాదు. నలుపు నిజంగా నలుపు. మూడో లెవెల్లో ఆ అస్థిపంజరం లేచింది. నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడివి గుర్తుందా, ఆ తర్వాత దోసె సంగతి. నవ్వాగలేదు. పాప లేచొచ్చి 'ఎవరు నాన్నా ఆ తెల్ల ప్యాంటు అంకుల్' అంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని దూకడం నేర్పించా. రెండు బాణాలూ నొక్కేస్తోంది, అచ్చం నీలాగే.

సంక్రాంతికి నువ్వు రావాల్సిందే, ఈసారి సెలవు దొరకలేదంటే ఒప్పుకోను. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారు వైపు వెళ్తే సీరియల్ మౌస్ ఒకటి, బాల్ ఉన్నదే, చూసి పట్రా. గ్రాఫిక్స్ కార్డు సంగతి కూడా రాయాలనుకున్నా. కొత్త కార్డుల్లో ఈ మానిటర్లకి కావాల్సిన అనలాగ్ సిగ్నల్ బయటికి రాదు, ఎన్‌విడియాలో జీటీఎక్స్ 900 సిరీసే ఆఖరు, అందుకని నీ కొత్త మెషీన్‌కి అయితే

అయ్యో, క్యాబ్ అతను కింద హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఇది అలాగే కవర్లో పెట్టేస్తున్నా. అడాప్టర్ ఏదీ నేను చెప్పేదాకా కొనకు!

నీ
బండోడు