క్రీడాభిరామ కర్తృత్వం: పద్యాలు చూపని తీర్పులు

సంపాదకులకు నమస్కారం.

క్రీడాభిరామం అనే పాత తెలుగు వీథి నాటకాన్ని రాసింది వినుకొండ వల్లభరాయుడు కాదనీ, శ్రీనాథుడే రాసి అతని పేరు పెట్టాడనీ, ఇది ఏనాడో తేలిపోయిన సంగతి అన్నట్టుగా ఈ మధ్య కొందరు రాస్తున్నారు. ఆ వాదన నిరాధారమని నేననను. వేటూరి ప్రభాకరశాస్త్రి గారంతటి పండితుడు దాన్ని సమర్థించారు. అయితే ఆయన శ్రీనాథుని రచనలతో పోలికలు చూపి, పాఠకుడు తానే సరిచూసుకునే వీలు కల్పించారు. నేటి రాతల్లో తీర్పు ఒక్కటే మిగిలింది.

అలాంటి వ్యాసం చేతికొస్తే నేను మొదట చూసేది, గ్రంథ ప్రస్తావనలోనే వల్లభరాయుడు కర్తగా కనిపిస్తున్నాడన్న విషయాన్ని రచయిత చెప్పాడా, దాటవేశాడా అని. శైలి పోలికను ముందుకు తెచ్చేవారు, ఆ పోలిక అనుకరణ వల్ల కూడా రావచ్చునని ఒప్పుకోవాలి. శ్రీనాథుని చాటువులను, అంటే ఆయన పేర ప్రచారంలో ఉన్న విడి పద్యాలను, సాక్ష్యంగా తెచ్చేవారు అవి ఏ ప్రతిలో, ఏ సంకలనంలో దొరికాయో చెప్పాలి. శృంగారపు చాటువు కనబడితే చాలు, అది శ్రీనాథుడిదే అనడం మనకు పాత అలవాటు గనుక ఈ జాగ్రత్త మరీ అవసరం.

క్రీడాభిరామంలోని పాత్రలు మంచనశర్మ, టిట్టిభసెట్టి తిరిగిన ఓరుగల్లు వీధుల వర్ణనను కాకతీయుల నాటి నగర జీవితానికి చరిత్రకారులు ఆధారంగా తీసుకుంటారు. కర్త మారితే ఆ సాక్ష్యం ఏ కాలానిదన్న ప్రశ్న కూడా తిరిగి లేస్తుంది. కర్తృత్వ వ్యాసాలకు పద్య సంఖ్య, పరిష్కర్త పేరు, ముద్రణ సంవత్సరం తప్పనిసరి చేయవలసిందిగా మీ సాహిత్య పుట నిర్వాహకులను కోరుతున్నాను.

— ఒక తెలుగు అధ్యాపకుడు, వరంగల్